ఎక్కడికని అడిగిన పూట

మా శ్రీకాకుళం వైపు బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడగరు. ఆ మాటకొస్తే ఎవరూ అడగరు గానీ, మావాళ్లకి ఆ పట్టింపు మరీ ఎక్కువ. గడప దాటాక వెనకనుంచి ఎవరైనా "ఎక్కడికి?" అన్నారంటే ఆ పని చెడినట్టే. వెనక్కి రావాలి, చెప్పులు విడవాలి, కూర్చుని మంచినీళ్లు తాగాలి, కాస్త ఆగి మళ్లీ బయల్దేరాలి. చిన్నప్పుడు సంతకి వెళ్తున్న మా నాన్నని తెలీక అడిగేస్తే మా అమ్మ మూతి మీద ఒక్కటిచ్చింది. పెదవి చిట్లింది. ఆ తర్వాత ఆ మాట నా నోట రాలేదు, ఒక్కసారి తప్ప. ఆ ఒక్కసారీ తెలీక కాదు, తెలిసే అడిగాను.

అప్పుడు మేం చిలకలగూడలో ఉండేవాళ్లం. సికింద్రాబాదు స్టేషన్లో దిగినవాళ్లు మూట నెత్తిన పెట్టుకుని నడిచొచ్చేయగలిగినంత దగ్గర. అందుకే మా ఊళ్ల నుంచి పనికొచ్చినవాళ్లు ముందు మా గుమ్మంలోకే వచ్చేవారు. మా ఆయన స్లాబు మేస్త్రి. గోడలు కట్టడం, పూత పూయడం ఆయన పని కాదు. సెంట్రింగు చెక్కలు బిగించి చువ్వలు కట్టాక, వాటి మీద కాంక్రీటు పోయించి, మిషనుతో కుదిపి, మట్టం చేయడం ఆయన ముఠా పని. ముఠాలో పదిమందికి పైనే ఉండేవారు. అందరూ మా డాబా మీద రేకుల గదిలో పడుకునేవారు, కింద నా చేతి వంట తినేవారు. పొద్దున్నే ఒక్కొక్కరికీ క్యారేజీ కట్టి చేతికిస్తే "ఎల్లొస్తాం అప్పా" అని వరసగా వెళ్లేవారు. మా వైపు అక్కని అప్ప అంటారు.

ఆ రోజుల్లో ఊళ్లో ఎటు చూసినా పునాది గుంటలే. కంప్యూటర్ల ఆఫీసులకని మాదాపూర్ వైపు రాళ్లగుట్టలు పేల్చి కడుతున్నారు, బేగంపేటలో పాత బంగళాలు పడగొట్టి కడుతున్నారు. పనివాళ్లకి అంత గిరాకీ నేను మళ్లీ చూడలేదు. మా చౌరస్తా దగ్గర కూలీల అడ్డా ఉండేది. తెల్లారకముందే కంట్రాక్టర్ల మనుషులు సుమోలేసుకుని వచ్చేసి, ఇంకొకరి దగ్గర పనిచేస్తున్నవాళ్లని కూడా మాటలు చెప్పి ఎక్కించుకుపోయేవారు. నిన్న ఒక మేస్త్రి కింద ఉన్నవాడు నేడు ఇంకో మేస్త్రి కింద. కూలీలే కాదు, ఇంజనీర్లూ అంతే. మా ఆయన పనిచేసే బేగంపేట సైట్లో ఒక ఇంజనీరు గారి మొహం మావాళ్లకి అలవాటయ్యేలోపు ఆయన వెళ్లిపోయి ఇంకొకాయన వచ్చేవాడు.

దానివల్లే మాకు మొదటి దెబ్బ తగిలింది. సైట్లో పనివాళ్లకి పసుపు టోపీ, ఫోర్‌మన్లకీ ఇంజనీర్లకీ తెల్ల టోపీ. మొదట ఉన్న ఇంజనీరు మా ఆయన్ని పిలిచి, నీకు తెల్ల టోపీ పెట్టిస్తాను, కంపెనీ మనిషివైపోతావు అన్నాడు. మా ఆయన పొంగిపోయి ఆ సాయంత్రమే మైసూరుపాకు తెచ్చి ముఠాకంతా పంచాడు, ఇంటిగలావిడక్కూడా ఇచ్చాడు. వారం తిరక్కుండా ఆ ఇంజనీరు వేరే కంపెనీకి వెళ్లిపోయాడు. తర్వాతొచ్చినాయన "ఏ టోపీ?" అన్నాడు. ముఠాలో కుర్రాళ్లు చాలారోజులు ఆయన వెనకాల "తెల్లటోపీ బావ" అని నవ్వుకున్నారు. నోటితో అనేశాను కాబట్టే పోయిందని మా ఆయన మనసులో పడిపోయింది. అప్పట్నుంచి జరగబోయే మంచి దేన్నీ పైకి అనేవాడు కాదు. రేపు ఆదివారం కదా అన్నా, రానీ చూద్దాం అనేవాడు.

మూడో ఇంజనీరు మళ్లీ అదే మాటన్నాడు. బేగంపేట మేడకి అన్నిటికన్నా పైన పడే పెద్ద స్లాబు ఎక్కడా ఆగకుండా పడితే, ఆ మర్నాడే తెల్ల టోపీకి కాయితం రాసి పంపుతానన్నాడు. స్లాబు పని అలాంటిది. మొదలెట్టాక మధ్యలో ఆగకూడదు. ఆగితే పాత కాంక్రీటూ కొత్త కాంక్రీటూ అతుక్కోవు, అక్కడ ఎప్పటికీ నీరు కారుతుంది. మనుషులు చాలకపోతే ఆగిపోతుంది. అంటే మా ఆయన టోపీ ముఠా చేతిలో ఉందన్నమాట.

ఆ టోపీ మాకెంత కావాలో నాకు తెలుసు. సిమెంటు తిని ఆయన వేళ్ల సందులు పుళ్లు పడిపోయాయి. అన్నం కలుపుకోలేక చెంచాతో తినేవాడు. మోకాళ్లు పట్టేసి మా మేడమెట్లు ఎక్కడానికే గోడ పట్టుకునేవాడు. ఇంకో ఏడాది స్లాబుల మీద తిరగగలడని నాకు నమ్మకం లేదు. ఫోర్‌మన్ అయితే కింద నిలబడి పని చెప్పించే బతుకు. కాకపోతే ఏం బతుకో నాకు తెలీదు.

ముఠాలో ఒకడుండేవాడు. నా కన్నవారి పక్కూరి పిల్లాడు. రక్తం పంచుకు పుట్టకపోయినా తమ్ముడనే పిలిచేదాన్ని. తట్టలు మోయడానికి వచ్చి, కుదిపే మిషను పట్టడం నేర్చి, చివరికి మట్టం చూసేవాడయ్యాడు. ముఠాలో సగం మంది వాడి ఊరివాళ్లే. వాడు కూర్చుంటే కూర్చుంటారు, లేస్తే లేస్తారు. నవ్వు మొహం, ఊరుకోని నోరు. అన్నం తింటూ మా ఆయన్ని కదిపేవాడు.

"బావా, నువ్వెప్పుడు పైకెల్తావు, నానెప్పుడు మేస్త్రీనవుతాను?"

"ముందు ఆ పప్పు కింద పడకుండా తిను" అనేవాడు మా ఆయన.

మూడో ఇంజనీరు ఆ మాటన్న రాత్రి మా ఆయన నాకొక్కదానికే గొంతు తగ్గించి చెప్పాడు. టోపీ వస్తే ముఠా తమ్ముడికే అప్పగిస్తాను, ఇంజనీరుతో కూడా అన్నాను, ఒప్పుకున్నాడు అని.

"వాడికి సెప్పు మరి. సంతోసిస్తాడు" అన్నాను.

"వాడికే సెప్పకూడదు. స్లాబు పడనీ. నీ నోట్లోంచి కూడా రానీకు."

ఈలోగా సైట్లో ఒక పుకారు పుట్టింది. మా ఆయనకి టోపీ రాగానే ఈ ముఠాని తీసేసి, బయట రాష్ట్రం నుంచి ఇంకో ముఠాని దింపుతారంట అని. తమ్ముడు వచ్చి మా ఆయన్నే అడిగాడు. "నిజమేనా బావా? మా గతేటి?" అని. మా ఆయన తల కూడా ఎత్తకుండా "నాకేటి తెలుసు" అన్నాడు. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. తమ్ముడి మొహం చూశాను. ఆ రోజు నుంచి వాడు అన్నం దగ్గర నవ్వడం మానేశాడు.

స్లాబు రేపనగా ఇంటిగలావిడ కుళాయి దగ్గర నన్ను పట్టుకుంది. వాళ్లది ఇక్కడి ఊరే.

"ఏందమ్మా, మీ తమ్ముడు చౌరస్తాల సుమో ఆయనతోని మస్తు ముచ్చట వెడ్తుండు. వారం సంది సూస్తున్న. పని మారుస్తుండా ఏంది?"

"అదేం లేదక్కా" అని బిందె ఎత్తుకుని వచ్చేశాను.

ఆ సాయంత్రం తమ్ముడు తన క్యారేజీ తనే కడిగాడు. అన్నేళ్లలో వాడు గిన్నె కడగడం నేను చూడలేదు. గిన్నె గిన్నె విడదీసి, బూడిదతో తోమి, తుడిచి, గట్టు మీద బోర్లించి పెట్టాడు. అప్పు తీర్చేసినవాడిలా ఉంది ఆ పెట్టడం. మా ఆయనతో చెప్పాను, వాడి తీరు బాగోలేదు, ఒక్క మాట సెప్పీ అని.

"ఇన్నాళ్లు ఆగాను. ఒక్క రోజుకి నోరిప్పి సెడగొట్టుకోనా? రేపు స్లాబు దిగ్గానే నానే సెప్తాను."

తెల్లారకముందే ఆయన సెంట్రింగు చూసుకోవాలని మొదటి బస్సుకి వెళ్లిపోయాడు.

పొద్దున్న ముఠా దిగి వచ్చింది. ఎవరూ నా మొహంలోకి చూడలేదు. ఉప్మా తిన్నారు, క్యారేజీలు తీసుకున్నారు, నసిగినట్టు ఏదో అని చౌరస్తా వైపు వెళ్లిపోయారు. కంపెనీ లారీ అక్కడే ఆగేది. సుమో కూడా అక్కడే ఆగేది.

చివర్న తమ్ముడు దిగాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. స్లాబు పనికి ఇస్త్రీ చొక్కా ఎవరేస్తారు? చేతిలో సంచీ. క్యారేజీ ఇవ్వబోతే "వొద్దప్పా" అన్నాడు. చెప్పులు తొడుక్కున్నాడు.

"ఎల్తానప్పా."

ఎల్లొస్తాను అనలేదు. నాతో అబద్ధం ఆడలేక, ఉన్న మాటే అన్నాడు. గడప దాటాడు, రెండడుగులు వేశాడు. మా ఆయన నోరు తెరవొద్దన్నాడు. తెరవకపోతే వీడు చౌరస్తాకి వెళ్తాడు, వాడి వెనక ముఠా వెళ్తుంది, అక్కడ స్లాబు ఆగిపోతుంది. ఏం చెప్పి ఆపను? అప్పుడొచ్చింది నా నోటికి.

"ఎక్కడికి తమ్ముడూ?"

వాడు అలాగే నిలబడిపోయాడు. కుళాయి దగ్గర బిందె పెడుతున్న ఇంటిగలావిడ నోటి మీద చెయ్యేసుకుంది.

"పొయ్యేటోన్ని గట్ల అడుగుతరా? నీకేమన్న తెలివి ఉన్నదా?"

తమ్ముడు మెల్లగా వెనక్కి తిరిగాడు. కోపంతో వాడి చెవులు ఎర్రబడ్డాయి.

"నువ్వు తెలీక అడగలేదు."

"అడగలేదు. తెలిసే అడిగాను. వొచ్చి కూకో."

వాడు నమ్మకం లేనివాడైతే వెళ్లిపోయేవాడే. కానీ వాడూ మా వైపు బిడ్డే. కొత్త పని మొదలెట్టబోతూ ఆ మాట మీద ఎలా అడుగేస్తాడు? వచ్చాడు. చెప్పులు విడిచాడు. గోడకి చేరగిలి కూర్చున్నాడు. నేను చెంబుతో నీళ్లిచ్చాను. తాగుతున్నంతసేపూ నా మొహమే చూశాడు.

"నీళ్లు తాగీసాను. ఇంకెంతసేపు కూకోమంటావు?"

"అడిగిన దానికి సెప్పి ఎల్లు. ఆ సుమో ఆయన దగ్గర నిన్నేటి సేస్తానన్నాడు?"

"మేస్త్రీని. మావోళ్లందరికీ నానే మేస్త్రీని."

"ఇక్కడా అంతే. బావకి టోపీ వొస్తే ముఠా నీది. ఇంజనీరుకి కూడా సెప్పీసినాడు."

వాడు నవ్వాడు. ఆ నవ్వు బాగోలేదు. "నానడిగితే తెలీదన్నాడు కదా. నీకొక్కదానికే తెలుసేటి?"

"నోటితో అంటే పోద్దని ఆయన బయం. మైసూరుపాకు సంగతి నీకు తెలీదా? ఎనకాల నవ్వినోడివి నువ్వే కదా."

వాడు తల దించుకున్నాడు. కానీ లేచాడు. "నువ్వు నన్ను ఆపడానికి ఏదైనా సెప్తావప్పా. బావ నోటంట వినాల. లేకపోతే నన్నొగ్గీ."

మా వీధి మలుపులో కిరాణా కొట్టు ముందు ఎర్ర రూపాయి ఫోను ఉండేది. సైటు ఆఫీసు నెంబరు నాకు కంఠతా వచ్చు. నేను చదివింది తక్కువే గానీ విన్న అంకె మర్చిపోను. కొంగు ముడిలో ఒక్క రూపాయుంది. పరుగులాంటి నడకతో వాణ్ని వెంటబెట్టుకెళ్లాను. కొట్టతను అప్పుడే తలుపులు తెరుస్తున్నాడు. అక్కడ్నుంచి చౌరస్తా కనిపిస్తుంది. లారీ వచ్చి ఉంది, సుమో వచ్చి ఉంది. మధ్యలో మావాళ్లు ఏదీ ఎక్కకుండా, తమ్ముడు ఎటు నుంచి వస్తాడా అని చూస్తున్నారు.

ఫోను ఇంజనీరే ఎత్తాడు. నేనెవరో చెప్పాను.

"మేస్త్రి ఇంటామెనా? ఏందమ్మా, లేబర్ యాడున్నరు? కాంక్రీట్ లారీలు ప్లాంటు నుంచి బయల్దేరినయ్."

"వొస్తారండీ. మా ఆయన్ని ఒక్కసారి పిలవండి."

మా ఆయన ఆయాసపడుతూ వచ్చాడు. "ఏటయింది?"

"తమ్ముడు నీతో మాటాడతాడంట" అని రిసీవరు వాడికిచ్చి, నా చెవి కూడా ఆనించాను.

"బావా, నువ్వు పైకెల్తే ముఠా ఎవరిది?"

అటునుంచి మాట లేదు. మిషనేదో తిరుగుతున్న చప్పుడు.

"ముందు పనికి రా. తరవాత మాటాడుకుందాం."

"తరవాత లేదు బావా. ఇప్పుడు సెప్పు."

మళ్లీ మాట లేదు. ఆయన పక్కనే ఇంజనీరున్నాడు, చుట్టూ మనుషులుంటారు. నాకిప్పటికీ ఆయన ఊపిరి వినిపిస్తుంది. ఇంతలో రూపాయి అయిపోయి ఫోను కీచుమంటూ కట్టయిపోయింది.

నా దగ్గర ఇంకో రూపాయి లేదు. కొట్టతన్ని అడిగాను.

"ఇంకా బోణీ కాలేదమ్మా. బోణీ కాకముందు చేతిలోంచి పైసా పోనియ్య."

అతన్నేం అంటాను? నేను చేసిందీ అలాంటి పనే కదా. చౌరస్తాలో సుమో హారను కొట్టింది. తమ్ముడు అటు చూశాడు, ఇటు చూశాడు. ఇంక వెళ్లిపోతాడనుకున్నాను. నేను రెండోసారి ఎక్కడికని అడగలేను.

వాడు ఇస్త్రీ చొక్కా జేబులో చెయ్యి పెట్టి తన రూపాయి తీశాడు. తనే ఫోనులో వేశాడు. నెంబరు నేను నొక్కాను.

ఈసారి మొదటి మోతకే మా ఆయన ఎత్తాడు. ఎవరని కూడా అడగలేదు.

"ఒరే. ముఠా నీది. ఈ స్లాబు దిగిన కాణ్నుంచి నువ్వే మేస్త్రివి. సారు ఇక్కడే ఉన్నారు, ఆయన ముందే అంటన్నాను. అనీసాను. ఇంక ఏటవుద్దో అవనీ."

తమ్ముడు రిసీవరు పెట్టేసి, "బావ వొణికిపోతన్నాడప్పా" అన్నాడు. చౌరస్తా వైపు నడిచాడు.

నేను కొట్టు దగ్గరే నిలబడ్డాను. వాడు తిన్నగా సుమో దగ్గరికే వెళ్లాడు. ఆ కంట్రాక్టరు మనిషి దిగి వాడి భుజం మీద చెయ్యేశాడు. ఏదో చెప్తున్నాడు, వీడు తల అడ్డంగా ఊపుతున్నాడు. ఆ మనిషి వీడి చెయ్యి పట్టుకుని లాగాడు. వీడు విడిపించుకున్నాడు. తర్వాత మావాళ్ల వైపు తిరిగి ఏదో అన్నాడు. ఇద్దరు మాత్రం వాడి మాట వినలేదు, సుమో ఎక్కేశారు. ఎవర్నని తప్పు పట్టగలం? వాళ్లకీ పిల్లలున్నారు. మిగతావాళ్లు లారీ ఎక్కారు. చివర్న తమ్ముడు ఎక్కి, కదులుతున్న లారీలోంచి గట్టిగా అన్నాడు.

"ఎల్లొస్తానప్పా."

ఆ పగలు ఎలా గడిచిందో నాకే తెలుసు. స్లాబు రోజు ముఠాకి మాంసం వండటం మా ఇంటి పద్ధతి. మసాలా నూరుతున్నానే గానీ మనసంతా బేగంపేటలోనే ఉంది. ఇద్దరు తగ్గారు. మిగిలినవాళ్లు చాలుతారా? పైగా ఆయన మాట నోటితో అనేశాడు, అదీ నా వల్ల. మధ్యాహ్నానికి మబ్బు పట్టింది. నాలుగు చినుకులు పడగానే నేను డాబా మీదికి పరిగెత్తాను, అక్కణ్నుంచి చూస్తే బేగంపేట కనిపిస్తుందా ఏమన్నానా. ఇంటిగలావిడ కిందనుంచి పిలిచింది.

"జెర కూసో. నువ్వు పైకెక్కి సూస్తె వాన ఆగుతదా? ఉల్లిగడ్డలియ్యి, నేను కోస్త."

చినుకులు ఆగిపోయాయి. చీకటి పడుతుండగా వీధిలో లారీ చప్పుడు వినిపించింది. ముందు తమ్ముడు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా సిమెంటుతో గట్టిపడి అట్టలా నిలబడింది. వాడి వెనక మా ఆయన, ఇంకొకడి భుజం పట్టుకుని. రెండు చేతులకీ గుడ్డలు చుట్టుకున్నాడు.

"పడిందా?" అన్నాను.

"పడింది."

"ఆగిందా?"

"ఆగేటట్టే అయ్యింది" అన్నాడు తమ్ముడు. "మనిసి సాలక ఒక పక్క మిషను ఆగిపోయింది. బావొచ్చి తనే పట్టినాడు. ఒగ్గమంటే ఒగ్గడు. ఆ సేతులు సూడు."

ఆ రాత్రి మా ఆయనకి అన్నం నేనే కలిపి పెట్టాను.

ఇంజనీరు ఆ మర్నాడే కాయితం పంపాడన్నారు గానీ టోపీ వెంటనే రాలేదు. కాయితం పై ఆఫీసులో ఉంది, రేపొస్తుంది, ఎల్లుండొస్తుంది అన్నారు. వచ్చేదాకా మా ఇంట్లో ఎవరూ ఆ మాటెత్తలేదు. ఇంజనీరు ఇంకా ఉన్నాడా అని మాత్రం రోజూ అడిగేదాన్ని. ఉన్నాడు అనేవాడు ఆయన. ఒక శనివారం సాయంత్రం టోపీ చంకలో పెట్టుకుని వచ్చి, దేవుడి పటం కింద పెట్టి, కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు. నెల తిరక్కుండా ఆ ఇంజనీరూ వేరే కంపెనీకి వెళ్లిపోయాడు. ఆయన సంతకం మాత్రం మాకు మిగిలింది.

తమ్ముడు మేస్త్రి అయ్యాడు. అయ్యాక వాడికి తెలిసొచ్చింది. మనుషుల్ని నిలబెట్టుకోవడం స్లాబుని మట్టం చెయ్యడం లాంటిది కాదు. ఒకణ్ని తెస్తే ఇద్దరు వెళ్లేవారు. ఒకరోజు నా దగ్గర కూలబడి, "అప్పా, రోజూ పొద్దున్నే నువ్వే చౌరస్తాకొచ్చి నిలబడు. అందర్నీ ఎక్కడికి ఎక్కడికి అని అడిగీ" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. కానీ సైట్లో మా ఆయన ఫోర్‌మన్‌గా వాణ్ని కేకలెయ్యాల్సి వచ్చేది. ఇంటికొచ్చాక అన్నం దగ్గర ఇద్దరూ మాటల్లేకుండా తినేవారు. మధ్యలో నేను కూర వడ్డించేదాన్ని.

చివరికి వాడు వెళ్లాడు. మాదాపూర్ వైపు తనకే సొంతంగా పని దొరికింది. ఈసారి క్యారేజీ దొంగచాటుగా కడగలేదు. పనింకా ఖాయం కాకముందే వచ్చి మా ఆయన ఎదురుగా కూర్చున్నాడు.

"ముందే సెప్తన్నాను బావా. అంటే పోద్దని నువ్వంటావు. పోతే పోనీ, నీకు సెప్పకుండా ఎల్లను."

"పోదులే" అన్నాడు మా ఆయన.

వాడు బయల్దేరిన పొద్దున నేను ముందే కుళాయి దగ్గరికి వెళ్లి బిందె నిండా పట్టుకున్నాను. వాడు సంచీతో గడప దాటే సమయానికి వీధిలోంచి నిండు బిందెతో ఎదురొచ్చాను. అడగాల్సినవి నా నోట్లో చాలా ఉన్నాయి. ఎక్కడుంటావు, ఎవరు వండుతారు, ఆ చొక్కా ఎవరుతుకుతారు. పెదవులు బిగించుకుని నడిచాను. నా ఎదర వాడు ఆగాడు, బిందె వైపు చూశాడు.

"అంత నిండా పట్టినావేటి, మోయలేవు" అన్నాడు. తర్వాత, "ఎల్లొస్తానప్పా."

తలూపాను. బిందె తొణికి నీళ్లు నా పాదాల మీద పడ్డాయి.